పేజీ అడుగున చిన్న అక్షరాలు

“మీ పేరు వెయ్యలేదు కదండీ మామ్మగారూ! ఊరి పేరు కూడా వెయ్యలేదు.”

“ముక్కూ మొహం గీసేశాక ఇంక పేరుతో పనేంటే? హాల్లో కూర్చున్నవాళ్ళందరూ ఒక్కసారి వెనక్కి తిరిగి ఎవర్ని చూశారు? నిన్నా, నన్నా?”

“మీ మంచి కోసమే రాశామండి.”

“నా మంచి చూసుకోడానికి నేను చచ్చిపోయానా? ఇంతమందికి వండి పెట్టేదాన్ని, నా మంచి నాకు తెలీదా? ఆడదాని ఒంటేలు సంగతి తీసుకెళ్ళి పుస్తకంలో అచ్చేస్తావా! సిగ్గు లేదూ?”

“సిగ్గుపడాల్సింది మీరు కాదండి, ఏర్పాటు చెయ్యనివాళ్ళు. సరే, ఒక్కటి చెప్పండి. మేం రాసినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం ఉందా?”

“ఉంది. నిరక్షరాస్యురాలని రాశావు నన్ను.”

ఆ అమ్మాయి తెల్లబోయింది. కానీ లా చదివే పిల్ల కదా, వెంటనే తేరుకుంది. “బియ్యం బస్తాలు దిగినప్పుడు మీరు వేలిముద్ర వెయ్యడం నా కళ్ళతో చూశానండి.”

“చేతులనిండా నూనె. కలం జారిపోతోందని వేలు అద్దాను. మూడో తరగతి దాకా చదివాను నేను. నువ్వు రాసిందంతా కూడబలుక్కుని నేనే చదివాను, ఎవరో చదివిపెడితే విన్లేదు. ఆ మాట చదవడానికే ఎక్కువ సేపు పట్టింది.”

ఈ తగువు రాజమహేంద్రవరంలో ఒక ప్రైవేటు లా కాలేజీ ఆడపిల్లల హాస్టల్లో, వంటగది గుమ్మం దగ్గర జరిగింది. నేను అక్కడ వంటమనిషిని. పదవీ విరమణ, సన్మానం లాంటివి మాలాంటివాళ్ళకి ఉండవు. మోకాళ్ళు ఇంక నావల్ల కాదన్నప్పుడు మానేశాను, అంతే. ఆ అమ్మాయి చివరి సంవత్సరం చదివేది. పిల్లలే నడుపుకునే లా పత్రిక ఒకటుంటే దానికి సంపాదకురాలు. ఇప్పుడు అదే పత్రిక నడుపుతున్న మీరు మొన్న మా ఇంటికొచ్చి, “ఆ రోజు ఏం జరిగిందో మీ చేత్తోనే రాసివ్వండి మామ్మగారూ” అన్నారు. అడిగారు కాబట్టి రాస్తున్నాను. పేర్లు మాత్రం ఎవరివీ రాయను. అచ్చులో పడితే మనిషికి ఎలా ఉంటుందో నాకు తెలుసు.

చీకటితోనే ధవళేశ్వరంలో మొదటి ఆటో ఎక్కితే, పాలవాడు వచ్చేసరికి హాస్టల్లో ఉండేదాన్ని. నాతో పాటు ఇద్దరు. ఒకావిడ కూరలు తరిగేది, పిండి రుబ్బేది. వాళ్ళది గోదారి ఒడ్డున చేపలు పట్టుకునే ఇల్లు. నాకంటే చాలా చిన్నది, నన్ను పిన్నీ అనేది. ఇంకొకావిడ అంట్లు తోమేది. ఆవిడకి మాట తక్కువ, రోజంతా కలిసి పనిచేసినా నాలుగు మాటలు మించి వినపడేవి కావు. ఇడ్లీతో మొదలుపెట్టి, మధ్యాహ్నం భోజనాలు పెట్టి, రాత్రికి కూర సిద్ధం చేసి వెళ్ళేవాళ్ళం. రాత్రి వడ్డనకి వేరే మనుషులు ఉండేవారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అన్నాల హాలు ఖాళీగా ఉంటుంది కదా, పత్రిక పిల్లలు అక్కడ చేరేవారు. కాలేజీ వాళ్ళకి వేరే గది ఇవ్వలేదు. ఐదారుగురు ఉండేవారు. ఆ కాస్త మందికీ హాల్లో ఫ్యాన్లన్నీ వేసుకునేవారు. నేను వెళ్ళి వాళ్ళ నెత్తిమీద ఉన్న ఒక్కటీ ఉంచి మిగతావన్నీ కట్టేసేదాన్ని. “మామ్మగారూ, ఉక్కపోస్తోందండి!” అనేవారు. “దగ్గర దగ్గరగా కూర్చోండి. దూరం దూరంగా కూర్చుని ప్రజల్ని ఏం ఉద్ధరిస్తారు?” అనేదాన్ని. నవ్వుకుంటూ బల్లలు జరుపుకునేవారు.

ఆ పత్రికలో సగం ఇంగ్లీషు, సగం తెలుగు. మామూలు జనానికి పనికొచ్చే సంగతులే రాయాలని వాళ్ళ పట్టుదల. రొయ్యల చెరువుల ఉప్పు ఊరి బావుల్లోకి దిగడం, లంకల్లో తరాలుగా ఉంటున్నవాళ్ళకి పట్టాలు లేకపోవడం, ఇసుక లారీల కింద రోడ్లు నలిగిపోవడం, ఇలాంటివన్నీ మాట్లాడుకునేవారు. నాకు సగం అర్థమయ్యేది. కానీ ఒక్క పద్ధతి మాత్రం బాగా పట్టుబడింది. ఏ వాక్యం రాసినా, అది ఎవరు చెప్పారో, ఎక్కడ చెప్పారో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో రాసి తీరాలి. వాటిని ఫుట్‌నోట్లు అంటారట. వాళ్ళకి సలహాలు చెప్పే లెక్చరర్ గారు మంచాయనే గానీ, ఫుట్‌నోటు లేని వాక్యం కనపడితే ఆయన ఒంటిమీద తేళ్ళూ జెర్రులూ పాకేవి. “ఎవరు చెప్పారిది? గాలి చెప్పిందా?” అని కాగితాలు తిప్పి పంపేసేవారు. పిల్లలకి ఆయనంటే దడ. సాంబారు చప్పగా ఉందని ఎవరైనా అంటే, “ఫుట్‌నోటేదీ?” అని ఇంకొకరు వేళాకోళం చేసేవారు. చప్పగా ఎప్పుడూ లేదు, అది వేరే సంగతి.

ఎండలు మొదలైన రోజుల్లో ఒక మధ్యాహ్నం మేం ముగ్గురం చిక్కుడుకాయలు వలుస్తున్నాం. సంపాదకురాలు వచ్చి మా పక్కన చతికిలబడి తనూ వలవడం మొదలుపెట్టింది. కోనసీమ పిల్ల, పనికి వంగే మనిషి. నన్ను చూసి తన నీళ్ళ సీసా చాపింది.

“తాగండి మామ్మగారూ, చెమటలు కారిపోతున్నాయి.”

“వద్దమ్మా. పొద్దున్న ఇంట్లో తాగిందే. మళ్ళీ ఇంటికెళ్ళే తాగడం.”

“అదేంటండి? మధ్యలో దాహం వెయ్యదా?”

“వేస్తే? తాగితే ఎక్కడికెళ్ళనమ్మా? గోదాట్లోకా?”

మేం ముగ్గురం పడీపడీ నవ్వాం. మాట తక్కువావిడ కూడా నవ్వింది. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. “మీకు బాత్‌రూమ్ లేదాండీ?” అంది.

లేదు. పై అంతస్తుల్లో ఉన్నవి పిల్లలవి. వంటవాళ్ళు మెట్లెక్కకూడదని వార్డెన్ గారి కట్టుబాటు. ఈవిడ పెట్టింది కాదు, అంతకుముందావిడ పెట్టింది, ఈవిడ కొనసాగించింది. ఒకప్పుడు హాస్టల్ వెనక ఖాళీ స్థలంలో తుమ్మ పొదలుండేవి, వాటి చాటుకి వెళ్ళొచ్చేవాళ్ళం. తర్వాత అక్కడ అపార్టుమెంట్లు లేచాయి. ఎవరూ మమ్మల్ని తిట్టలేదు, కొట్టలేదు. మేమూ ఎవర్నీ అడగలేదు. అడిగే విషయమా అది? నీళ్ళు మానేశాం, అలవాటైపోయింది. అదే చెప్పాను. కూరలు తరిగే ఆవిడ ఇంకాస్త చెప్పింది, తనకి మూత్రంలో మంట వచ్చి పెద్దాసుపత్రికి వెళ్తే డాక్టరమ్మ, బిందెడు నీళ్ళు తాగు అని చీవాట్లు పెట్టిందనీ, “బిందె ఇచ్చారు గానీ చోటివ్వలేదు” అనీ. దానికీ నవ్వుకున్నాం. చిక్కుళ్ళు అయిపోయాయి, లేచాం. నేనైతే ఆ సంగతే మర్చిపోయాను.

పత్రిక కొత్త సంచిక విడుదల చేసే రోజు కాలేజీలో సభ పెట్టారు. రిటైరైన జడ్జీ గారిని పిలిచారు. సభ కాగానే అందరికీ పులిహోర, చక్కెర పొంగలి పెట్టాలని మాకు చెప్పారు. ఆయన మాట్లాడుతుండగా నేను పులిహోర బేసిన్ పట్టుకుని హాలు వెనక తలుపు దగ్గర నిలబడ్డాను. వేదిక మీద కాలేజీ యజమాని, అంటే మేం కరస్పాండెంట్ గారు అనేవాళ్ళం, ఆయన, పక్కన ప్రిన్సిపాల్ గారు, అందరూ కండువాలు కప్పుకుని కూర్చున్నారు.

జడ్జీ గారు పుస్తకం చేతిలోకి తీసుకుని నవ్వుతూ అన్నారు. “కోర్టులో ఉండగా నాకో జబ్బు పట్టుకుందండి. పైన ఏం రాశారో తర్వాత చూస్తాను, ముందు పేజీ అడుగున ఏం రాశారో చూస్తాను. మనిషి నిజం అక్కడ తెలిసిపోతుంది.” అందరూ నవ్వారు. ఆయన పేజీలు తిప్పి ఒకచోట ఆగారు. కళ్ళజోడు సర్దుకుని మైకులోకి చదివారు.

“‘తాగితే ఎక్కడికెళ్ళనమ్మా? గోదాట్లోకా?’”

ఏం చెప్పను? నా మాట. నా యాసతో సహా నా మాటే. ఒక ముసలాయన గొంతులో, మైకులోంచి, హాలంతా. నేను పోయాక నలుగురూ కూర్చుని నన్ను తలుచుకుంటున్నట్టు అనిపించింది. బేసిన్ అంచు చేతిని కోస్తోందని కూడా తెలియలేదు. ఆయన ఇంకా చదువుతున్నారు. నదీతీర పట్టణంలో ఒక విద్యాసంస్థ అట, అక్కడ వంటచేసే వృద్ధ మహిళ అట, నిరక్షరాస్యురాలట, పొద్దున్నుంచీ ఇంటికి చేరేదాకా గుక్కెడు నీళ్ళు తాగదట. ఏదో దొంగపేరు పెట్టారు నాకు. ఇంతవరకూ ఎవరికీ ఏమీ తెలియదు. నేనే అనుకోడానికి లేదు, ఇలాంటివాళ్ళు ఎంతమంది లేరు?

అప్పుడు జడ్జీ గారు వేలితో పేజీ అడుక్కి వెళ్ళారు. “ఇదిగో చూడండి. ‘ఈ కళాశాల మహిళా వసతిగృహం వంటశాలలో ప్రధాన వంటమనిషితో ముఖాముఖి.’” ఆయన తల తిప్పి కరస్పాండెంట్ గారిని అడిగారు. “ఈ కళాశాల అంటే, ఇదేనాండీ?”

పైన అంత జాగ్రత్తగా పేరు దాచి, ఊరు దాచి, అడుగున అడ్రసంతా రాసిపెట్టారు! గాలి చెప్పిందా అని లెక్చరర్ గారు తిడతారని భయం. ఇలాంటి పని ప్రపంచంలో లా పిల్లలు తప్ప ఇంకెవరైనా చేస్తారా?

కరస్పాండెంట్ గారి మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది, తీయడం మర్చిపోయినట్టు. లెక్చరర్ గారు తల దించుకున్నారు. ముందు వరసలో ఎవరో మొదటి సంవత్సరం పిల్ల, పాపం తెలీక, “మాదేనండి, ఆవిడ అదిగోనండి!” అని వెనక్కి చెయ్యి చూపించింది. హాలంతా తిరిగింది.

అన్ని కళ్ళు నా మీద ఎప్పుడూ పడలేదు. పెళ్ళినాడు కూడా పడలేదు. పసుపు పులిహోర చేతిలో పెట్టుకుని, చెమట పట్టిన జాకెట్టుతో, నా ఒంటి సంగతి తెలిసిపోయిన జనం ముందు అలా నిలబడిపోయాను.

తర్వాత వడ్డించాను. వడ్డించకపోతే ఎలా? కొందరు పళ్ళెం చాపి మొహం పక్కకి తిప్పుకున్నారు. జడ్జీ గారు తనే నడిచి వచ్చి, “నమస్కారమమ్మా. మీరేనా?” అన్నారు.

“నేను కాదండి” అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు.

ఆయన నా మొహంలోకి చూసి, “కాకపోతే పోనీండి. పులిహోర బాగుంది” అని వెళ్ళిపోయారు.

సాయంత్రం ఆ పుస్తకం ఒకటి తీసుకుని వంటగదిలో కూర్చుని చదివాను. నిరక్షరాస్యురాలు దగ్గర ఆగాను. అప్పుడే ఆ అమ్మాయి వచ్చింది. మొదట రాసిన తగువు అదీ. చివరికి ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయింది. నేను గిన్నె గట్టిగా నేలకేసి పెట్టాను. ఇంటికెళ్ళేసరికి పక్కింటావిడ ఫోను పట్టుకుని అరుగు మీద కూర్చుంది. “వదినా, ఇది మీ హాస్టలేనా?” అంది. ఎవరో ఆ పేజీ ఫొటో తీసి పెట్టారట, ఊరంతా తిరుగుతోందట. అడుగున చిన్న అక్షరాలతో సహా.

మర్నాడు ఇడ్లీ వాయి దించుతుంటే వార్డెన్ గారు వచ్చారు. ఎప్పుడూ గుమ్మం దాటి లోపలికి రాని మనిషి, ఆ రోజు పొయ్యి దాకా వచ్చారు.

“మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారి గదికి రమ్మన్నారు మిమ్మల్ని ముగ్గుర్నీ. కరస్పాండెంట్ గారు చాలా కోపంగా ఉన్నారండి. పేపరువాళ్ళు ఫోన్లు చేస్తున్నారట. ఒక్క మాట చెప్పెయ్యండి చాలు, అలా అనలేదని. పిల్లలు ఊహించి రాసుకున్నారని. అయిపోద్ది.”

“అంటే ఆ అమ్మాయి కల్పించిందనాండి?”

“ఆ అమ్మాయి వచ్చే నెల్లో వెళ్ళిపోయే మనిషి. మీరుండేవాళ్ళు. మెస్ క్యాటరింగ్ వాళ్ళకి ఇచ్చేద్దామని ఆయన ఎప్పట్నుంచో అనుకుంటున్నారు. మీకు తెలీనిదేముంది?”

అర్థమైంది. అనలేదంటే ముగ్గురికీ పొయ్యి ఉంటుంది, ఆ అమ్మాయి అబద్ధాలకోరు అవుతుంది. అన్నామంటే పొయ్యి పోతుంది. ఆ వయసులో నన్ను ఇంకో వంటింట్లో ఎవరు పెట్టుకుంటారు? నిజం చెప్పొద్దూ, ముందురోజు జడ్జీ గారి దగ్గరే నేను కాదని చెప్పేశాను కదా, ఇంకోసారి చెప్పడానికేం అనుకున్నాను. ఆ అమ్మాయి మీద కోపం కూడా చల్లారలేదు.

కూరలు తరిగే ఆవిడతో, “ఏం చేద్దామే?” అన్నాను. ఆవిడ కత్తిపీట మీద నుంచి తల ఎత్తకుండానే, “అన్నదే అందాం పిన్నీ. అన్నాక అనలేదంటే నోరు పుచ్చిపోదూ?” అంది. ఆ మాటతో నాకు కొంచెం ధైర్యం వచ్చింది. ఈ పిల్లకే అంత నిబ్బరం ఉంటే నాకేంటి అనుకున్నాను.

ప్రిన్సిపాల్ గారి గదిలో ఏసీ వేసి ఉంది. మేం ముగ్గురం గోడ వారగా నిలబడ్డాం. వార్డెన్ గారు, లెక్చరర్ గారు కుర్చీల్లో ఉన్నారు. ఆ అమ్మాయి బల్ల ముందు ఒక్కర్తే నిలబడింది. నా వైపు చూడలేదు. కరస్పాండెంట్ గారు ముందు కూరలు తరిగే ఆవిడనే అడిగారు.

“ఏవమ్మా, ఆసుపత్రి, మంట అనీ ఏదో రాశారు. నువ్వు చెప్పావా ఈ అమ్మాయికి?”

“నేనా? లేదండి. నాకసలు ఏ జబ్బూ లేదండి. ఈ అమ్మాయితో నేనెప్పుడూ మాట్లాడలేదండి బాబూ.”

పొద్దున్న నోరు పుచ్చిపోదా అన్నది ఈ నోరే కదా! నావైపు చూస్తుందేమోనని చూశాను. గోడ మీద క్యాలెండర్ చూస్తోంది. అంట్లు తోమే ఆవిడని అడిగితే ఆవిడ ఎప్పట్లాగే ఏమీ మాట్లాడలేదు. నా వంతు వచ్చింది.

“మీరు పెద్దవారు. మీరు చెప్పండి. అన్నారా, లేదా?”

ఆ నిమిషంలో పెద్ద ఆలోచనేమీ చెయ్యలేదు. మైకులో విన్నాను కదా ఆ మాట. అంతమంది విన్నారు. దాన్ని నాది కాదనడం ఎలాగో నాకు చేతకాలేదు.

“అన్నానండి.”

“అన్నారా!”

“అన్నానండి. అయితే పుస్తకంలో వెయ్యమని నేను చెప్పలేదండి. వేస్తానని ఆ అమ్మాయి నన్ను అడగలేదండి.”

ఇటు నిజం ఇటు, అటు నిజం అటు, రెండూ సమానంగా తూచి ఇచ్చాననుకున్నాను. మరుక్షణం ప్రిన్సిపాల్ గారు కుర్చీలోంచి ముందుకి వంగారు. “చూశారా! అనుమతి లేకుండా వేశారు. లా విద్యార్థులై ఉండి!” కరస్పాండెంట్ గారి మొహం విచ్చుకుంది. “అంతే. ఇంకేం కావాలి? పత్రిక మూసెయ్యండి. మిగిలిన పుస్తకాలన్నీ లోపల పెట్టి తాళం వెయ్యండి. ఈ అమ్మాయి మీద చర్య తీసుకోండి.”

అన్నానండి అన్నది ఎవరికీ వినపడలేదు. నీళ్ళ సంగతి, చోటు సంగతి ఒక్కరూ ఎత్తలేదు. అడగలేదండి అన్న ముక్క ఒక్కటీ ఏరుకుని, దాంతోనే ఆ పిల్లని కొడుతున్నారు. కర్ర నేనే అందించాను.

లెక్చరర్ గారు నెమ్మదిగా, “నువ్వేమంటావమ్మా?” అని ఆ అమ్మాయిని అడిగారు.

“మామ్మగారు చెప్పింది నిజమేనండి. అడగలేదు.” ఆ అమ్మాయి తల ఎత్తింది. “మర్చిపోయి కాదండి. అడిగితే వద్దంటారని తెలిసే అడగలేదు.”

ఇది అన్నిటికంటే గట్టి దెబ్బ. తెలిసే చేసింది! వచ్చిన కోపానికి ఏమన్నా అందామని నోరు తెరిచాను, తెరిచి ఆగిపోయాను. అడిగి ఉంటే? వద్దనేదాన్ని. గరిట తిరగేసి తరిమేదాన్ని. ఆ పేజీ ఉండేది కాదు, మైకు ఉండేది కాదు, వార్డెన్ గారు పొయ్యి దాకా వచ్చేవారు కాదు. నేను హాయిగా, దాహంగా, ఇంకెన్నేళ్ళయినా వంట చేసుకుంటూ ఉండేదాన్ని. ఆ అమ్మాయి చేసింది తప్పే. ఇప్పటికీ తప్పే అంటాను, మీకూ అదే చెప్తున్నాను. కానీ ఆ తప్పు చెయ్యకపోయి ఉంటే ఏమయ్యేదో కూడా నాకు తెలుసు. ఈ రెండిట్నీ పక్కపక్కన పెట్టి ఏదో ఒకటి తేల్చమంటే నావల్ల కాదు. తేల్చడానికేగా మీరు చదువుతున్నారు, తేల్చుకోండి.

“అయ్యా” అన్నాను. “అప్పుడు అడగలేదు. ఇప్పుడు అడగమనండి.”

“ఇప్పుడేంటమ్మా?”

“అడగమనండి ఒకసారి.”

కరస్పాండెంట్ గారు వద్దనేలోపే లెక్చరర్ గారు, “అడుగమ్మా” అన్నారు. ఆ అమ్మాయి నావైపు తిరిగింది. ముక్కు తుడుచుకుంది. “మామ్మగారూ, చిక్కుడుకాయలు వలిచేటప్పుడు మీరన్న మాట మా పత్రికలో వేసుకోవచ్చాండీ?”

“వేసుకో. నిరక్షరాస్యురాలు తీసెయ్. పైన పెట్టిన ఆ దొంగపేరు కూడా తీసెయ్, మా వీధిలో అందరికీ తెలిసిపోయాక ఇంకా ఏంటి ఆ వేషం?”

మాట తక్కువావిడ కిసుక్కున నవ్వింది. లెక్చరర్ గారికి దగ్గు వచ్చింది. కరస్పాండెంట్ గారు బల్ల మీద చెయ్యి చరిచారు.

“ఇదేమన్నా ఆటలా ఉందా మీకు? వెళ్ళండి. ఏ సంగతో రేపు పొద్దున్న చెప్తాం. మీ వంటల సంగతి కూడా.”

బయటికొచ్చాక కూరలు తరిగే ఆవిడ నా వెనకాలే వచ్చింది. “పిన్నీ, నా పిల్లలిద్దరూ...” అని మొదలుపెట్టింది. నేను విన్లేదు. ఆ రోజు ఆటోలో నేను ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చున్నాను, ఆవిడ వెనక కూర్చుంది. ఇంటికెళ్ళి పెట్టెలోంచి నా గరిటలకి సంచి ఒకటి తీసి పెట్టుకున్నాను. అవి నా సొంత గరిటలు, కాలేజీవి కావు. వెళ్ళమంటే వాటిని అక్కడ వదిలే ప్రసక్తి లేదు.

తెల్లారి వెళ్ళాను. గేటు దగ్గర ఎవరూ ఆపలేదు. నోటీసు బోర్డు దగ్గర పిల్లలు గుంపుగా నిలబడ్డారు, నేనూ వెళ్ళి కూడబలుక్కుని చదివాను. పత్రిక మూసెయ్యలేదు. ఇకమీదట ప్రతి వ్యాసం ముందు ప్రిన్సిపాల్ గారికి చూపించాలట. సంపాదకురాలి పదవి నుంచి ఆ అమ్మాయిని తీసేశారు. ఆ అమ్మాయి అక్కడ లేదు, పై గదిలో ఉందన్నారు. మా మెస్ గురించి నోటీసులో ఏమీ లేదు.

వంటగదిలో పొయ్యి వెలిగించాను. ఉప్మాకి ఎసరు పెట్టాక వార్డెన్ గారు వచ్చి తాళం చెవి ఒకటి గట్టు మీద పెట్టారు. ఆఫీసు వెనక, అతిథులు వస్తే వాడుకోడానికని కట్టిన బాత్‌రూమ్ ఉందట. వంటగదికి ఇరవై అడుగులు ఉండదు. తెల్ల పలకలు, కుళాయి, అన్నీ ఉన్నాయట. ఎప్పుడూ తాళమే. నేను అక్కడ పనిచేసినన్నాళ్ళూ అది అక్కడే ఉంది. నాకు తెలియదు. “వాడుకుని శుభ్రంగా ఉంచండి” అని ఆవిడ వెళ్ళిపోయారు.

నేను ఇంకా తాళం చెవి వైపు చూస్తూనే ఉన్నాను. కూరలు తరిగే ఆవిడ కత్తిపీట మీద నుంచి లేచింది, చేతులు చీరకి తుడుచుకుంది, తాళం చెవి తీసుకుంది, అందరికంటే ముందు వెళ్ళింది.